నిమిషానికి యాభై

రాత్రి పదకొండు దాటాక
చుట్టుగుంట వైపు నుంచి ఆటోలో తెచ్చారు,
మిర్చి యార్డులో టిక్కీలు మోసే కుర్రాణ్ణి.
మోసుకొచ్చిన నలుగురి చొక్కాలకీ ఎర్రటి ఘాటు,
క్యాజువాలిటీ మొత్తం ఒక్కసారి తుమ్మింది.

పేరు నాగుల్ మీరా. పంతొమ్మిదేళ్ళు.
పిడికిట్లో ఎవరిదో తాళంచెవుల గుత్తి,
ముక్కు దగ్గర నలిపిన ఉల్లిపాయ,
పళ్ళ మధ్య దూర్చబోయి పెదవి కోసిన చెంచా.
తెలిసిన వైద్యమంతా దారి పొడుగునా చేశారు పాపం,
గడియారం చూడటం తప్ప.
ఎంతసేపయిందంటే
"గేటు దగ్గర పట్టుకుంది సిస్టర్, ఇంకా వదల్లేదు" అన్నారు.
ఐదు నిమిషాలు దాటిన మూర్ఛ
తనంతట తను పోయే చుట్టం కాదు.

పక్కకి తిప్పి నురగ తుడిచాం.
ఆక్సిజన్ పెట్టాం, రక్తంలో చక్కెర చూశాం.
డాక్టరు చెప్పిన మొదటి ఇంజెక్షన్‌కి
కుట్టు విప్పిన గోతంలా ఒళ్ళు మెత్తబడింది.
హమ్మయ్య అని వాళ్ళు గోడకి ఆనుకున్నారు.
మాకు పని అప్పుడే మొదలు.
పోయింది మళ్ళీ రాకుండా
గుమ్మంలో కాపలా పెట్టాలి.

అరవై కిలోల మనిషికి ఫెనిటోయిన్, పన్నెండు ఆంప్యూల్స్.
ఒక్కోదాన్నీ లైటుకెత్తి చూసి మెడ విరిచాను.
ట్రైనీ పిల్ల నవోమి పరుగున సీసా తెచ్చింది, గ్లూకోజు.
"ఉప్పునీళ్ళు తల్లీ. దీనికి తీపి గిట్టదు,
కలిస్తే విరిగి పలుకులు కడుతుంది."
సీసా మార్చి తెచ్చి లేబుల్ పైకి చదివింది,
నేను అడక్కుండానే రెండోసారి కూడా.

బరువులు మోసిన చెయ్యి, నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి.
అయినా ముందు ఉత్త సెలైన్ పంపి చూశాను.
నరం తప్పి బయటికి కారితే కండని కాల్చే మందు ఇది.
మంటని చెప్పడానికి వాడికి తెలివి లేదు,
వాడి బదులు నా వేళ్ళే తడిమి అడగాలి:
ఉబ్బిందా? చల్లబడిందా?

నిమిషానికి యాభై మిల్లీగ్రాములు, అంతకి మించకూడదు.
పంపు పైవార్డులో ఉంది. నా కళ్ళే పంపు.
మేస్త్రీ అన్నాడు: "కాస్త గట్టిగా వదలమ్మా,
చుక్కచుక్కా ఏందిది, పిల్లోడు పోతాడు!"

పదకొండేళ్ళ కింద
ఇలాగే ఒక గుంపు, ఇలాగే ఒక తొందర,
నా బొటనవేలు వాళ్ళ మాట విన్నది.
పెద్దాయన గుండె నలభైకి జారిపోయింది.
బతికాడు. వారం తర్వాత నడిచి వచ్చి
అరడజను అరటిపళ్ళు నా చేతిలో పెట్టాడు.
ఆ పళ్ళు నేను తినలేకపోయాను.

మేస్త్రీకి ఇదంతా చెప్పలేదు.
మానిటర్ వైపు తిరిగి నిలబడ్డాను.
బీపీ కొంచెం దిగింది. చక్రం ఇంకో గీత బిగించాను.
ఎక్కడో గూడ్సు బండి కూతేసి,
పెట్టె వెనక పెట్టె,
నా చుక్కల కంటే నెమ్మదిగా పోయింది.

వాళ్ళమ్మ కరీమూన్ అప్పటికి వచ్చింది.
రోజంతా కాయల ముచ్చికలు తీసే మనిషి.
కొడుకు మొహం మీదికి వంగి
చేతులు చటుక్కున వెనక్కి లాక్కుంది.
సబ్బుకి పోని మంట అది, కొబ్బరినూనెకీ పోదు.
చేతులు వీపు వెనక కట్టుకుని నిలబడింది
అరగంటసేపు.
ఒక్కసారి కూడా "తొందరగా" అనలేదు.

సీజనంట. రెండు షిఫ్టులంట. నిద్ర లేదంట.
చొక్కా జేబులో మాత్రల అట్ట దొరికింది,
నాలుగు గుంటలు విప్పకుండా అలాగే ఉన్నాయి.
వాడు లేచాక దాని సంగతి మాట్లాడాలి,
కోప్పడకుండా, ఎలాగో.

చివరి చుక్క దిగింది. ట్యూబు ఉప్పునీళ్ళతో కడిగాను,
కేస్‌షీట్‌లో టైము రాశాను, నాడి మళ్ళీ చూశాను.
కనురెప్ప కదిలింది. ఏదో గొణిగాడు.
"ఎన్ని టిక్కీలు మిగిలాయి?" అన్నట్టుంది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అంది కరీమూన్,
చేతులు ఇంకా వెనకే.

గ్లౌజుల డబ్బా ఆమె ముందుకి జరిపాను.