పెయిప్సీ సరస్సు మీద ఇద్దరు

గడ్డకట్టిన సరస్సు మీద
రెండు కన్నాలు, రెండు పీటలు, ఇద్దరు ముసలాళ్లు.
పొద్దున్నించీ ఒక్క చేపా పడలేదు.

"ఇంతకీ మనం ఎందుకు పుట్టామంటావ్?"
ముక్కు తుడుచుకుంటూ అడిగాడు వాంబొల.
"మీ నాన్ననడగాల్సింది.
ఆ చలికాలం మీ ఊళ్లో కరెంటు లేదట" అన్నాడు ఎండెల్.

ఆవిరి ఆవిరిగా నవ్వు.

"ఆటలు కాదురా. డెబ్బై రెండేళ్లొచ్చాయి,
ఇప్పటికీ ఏ తొడుగు ఏ చేతిదో తేలదు నాకు.
పొద్దున్నించీ ఈ బొటనవేలికి చోటే దొరకడం లేదు."
"దొరకదు. రెండూ ఎడమవే. ఒకటి నాది."

వాంబొల చేతులు తిప్పి చూసుకున్నాడు.
ఎండెల్ చేతుల వైపు చూశాడు.
"ఎప్పుడు తెలిసింది నీకు?"
"బస్సులోనే."
"మరి చెప్పవేం?"
"అప్పుడే చెప్పేస్తే
సాయంత్రం దాకా ఏం మాట్లాడుకుంటాం?"

తొడుగులు మార్చుకోవాలని
ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.
గాలం తాడు ఒకటి కొంచెం కదిలి, ఊరుకుంది.

"మరి అర్థం?" మళ్లీ మొదలెట్టాడు వాంబొల.

అడుగున ఎక్కడో మంచు
ఫట్‌మని బీటలిచ్చింది.
ఇద్దరూ గబుక్కున కాళ్లు పైకెత్తారు,
కాళ్లెత్తితే
బరువు తగ్గుతుందన్నట్టు.