ఇరవై గాజు నోళ్లు

గ్రోనింగెన్‌లో జనవరి. కిటికీ అవతల కాలువ గడ్డకట్టింది.
లోపల ఇరవై గాజు నోళ్లలో
ఇరవై సిగరెట్లు ముట్టించాను.

నిమిషానికో దమ్ము. దమ్ముకి రెండు సెకన్లు.
ముప్పై అయిదు మిల్లీలీటర్లు, రవ్వంత అటూ ఇటూ కాదు.
ఈ యంత్రం దాహం లేకుండా తాగుతుంది.
మధ్యలో ఆగి ఎవరినీ తలుచుకోదు.

ఇవాళ్టి పెట్టె మీద రాసి ఉంది:
అతిమధురం, కోకో, చక్కెర,
పుదీనా కాకుండానే పుదీనాలా చల్లబరిచే ఒక తెల్లటి పొడి.
దాని పేరింకా నిషేధాల పట్టికకి ఎక్కలేదు.

కంపెనీ నివేదిక నాలుగు వందల పన్నెండు పేజీలు.
"ఇవన్నీ తినదగినవే" అని మొదలవుతుంది.
నిజమే. చర్చిలో ప్రసంగం ఎంతకీ తెమలకపోతే
అమ్మమ్మ ఆల్ట్యే కోటు జేబులోంచి
నల్లటి అతిమధురం బిళ్ల తీసి నా గుప్పిట్లో పెట్టేది.
తగలబెట్టి పీల్చమని
ఎన్నడూ చెప్పలేదు.

నూట యాభయ్యో పేజీలో ఎలుకలు.
కలిపిన పొగ పీల్చినవీ, కలపని పొగ పీల్చినవీ
ఇంచుమించు ఒకేలా చచ్చాయి.
కాబట్టి, అంటుంది నివేదిక,
కలపడం వల్ల అదనపు హాని లేదు.

రూలోఫ్ ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి
టీ తెచ్చుకుంటానని వెళ్లాడు.
చాలాసేపు రాలేదు.

వడపోత కాగితం మీది గోధుమరంగు మరకని
నాలుగో దశాంశ స్థానం దాకా తూచగలను.
తూకానికి రానిది మొన్న బస్టాపులో చూశాను.

మా అన్న కూతురు యిల్డౌ. పదహారేళ్లు.
ఎవరో అందించిన సిగరెట్టు, మొదటిదో రెండోదో.
రోడ్డుకి ఇవతల సైకిల్ ఆపి
దగ్గుతుందని ఎదురుచూశాను.

ఆ వయసులో నేను దగ్గిన దగ్గు,
ముక్కులో మంట, కళ్లలో నీళ్లు,
సైకిల్ షెడ్డు వెనక గడ్డి మీద కూలబడి వాంతి.
ఒళ్లు తనంతట తాను
వద్దని చెప్పిన మాట అది.
ఇన్నేళ్లుగా దాని మీదే బతుకుతున్నాను.

యిల్డౌ దగ్గలేదు.
మంచుగాలి మింగినట్టు కళ్లు మూసుకుంది.
రెండో దమ్ము తీసింది.

రేపు హేగ్‌లో కమిటీ. నాకు పది నిమిషాలిచ్చారు.
హాని అన్న గడిలో మైక్రోగ్రాములు అడుగుతున్నారు.
రాని దగ్గు ఎన్ని మైక్రోగ్రాములు?

ఇరవయ్యో నోరు కూడా చల్లారింది.
అంకెలన్నీ నింపాక, ఎవరూ చదవని
వ్యాఖ్యల గడిలో రాశాను:

ఈ యంత్రానికి దగ్గు రాదు.
గమనించగలరు.