ఏడో నంబరు

నలభై ఒక్క ఏళ్ళు మోశాను
ఎవరెవరి సంచులో ఈ కుడి భుజం మీద.
గిండీలో పొద్దున అయిదున్నరకి
తడిసిన గడ్డి మీద
ముందు నా చెప్పుల అచ్చులే పడేవి.
బంతి ఏ పొదలో దూరినా కనిపెట్టే కళ్ళు నావి.
కొట్టేది మాత్రం వాళ్ళు.
నువ్వొక్కసారైనా కొట్టావా అని ఎవరైనా అడిగితే
కర్రలు లెక్కపెడుతున్నట్టు సంచిలోకి తల వంచేవాణ్ణి.

ఆషాఢంలో ఒక మంగళవారం
టీ గ్లాసు పట్టుకుని ఉండగానే
చెయ్యి నాది కాకుండా పోయింది.
గ్లాసు పగిలిన చప్పుడు విన్నాను,
ఎవరిదో అనుకున్నాను.

తర్వాత మాటలు.
అవి పోలేదు, అరలు మారాయి.
నీళ్ళు కావాలని నోరు తెరిస్తే
ఇసుక అని వస్తుంది.
మునెమ్మ మొదట్లో బెదిరిపోయింది,
ఇప్పుడు ఇసుక అనగానే చెంబు తెస్తుంది.
జన్మంతా నేను దొరలకి చెప్పింది ఆ రెండే కదా:
అటు నీళ్ళున్నాయి సార్, ఇటు ఇసుకుంది సార్,
మధ్యలోంచి పోనివ్వండి.

వేళచ్చేరిలో ఆసుపత్రి మేడ మీద
పచ్చటి ప్లాస్టిక్ చాపలు పరిచారు,
ఎదురుగా చేపలవాళ్ళ వలలాంటి వల.
రైలు పోయినప్పుడల్లా మేడ సన్నగా వణుకుతుంది,
నా కాలికి తోడుగా.
ఇలక్కియా అని ఫిజియో పిల్ల
ఒక కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.
పట్టుకోవడం అనేదొకటుందని
వేళ్ళకి విడివిడిగా చెప్పుకోవాల్సి వచ్చింది.
బొటనవేలు విన్నది. చిటికెనవేలు వినలేదు.
దాన్ని ఆ పిల్లే మడిచి
పసిదానికి గాజు తొడిగినట్టు
కర్ర చుట్టూ తొడిగింది.
మెదువా, మెదువా అంటుంది తన అరవంలో.
ఇంకెంత మెల్లగానమ్మా,
నా నీడే విసుక్కుని ముందు మెట్లు దిగిపోతోంది.

బరువు కుడికాలి మీద, అక్కణ్ణించి ఎడమకాలికి.
ఇది నాకు తెలుసు.
ఎన్ని వేల నడుములు తిరగడం వెనక నిలబడి చూశాను!
తెలిసింది ఒంట్లోకి దిగడానికి మాత్రం
తల నుంచి మోకాలికి
బీచ్ స్టేషన్ నుంచి తాంబరం అంత దూరం,
అన్నిచోట్లా ఆగుతూ.

మొదటి నెల బంతి కదల్లేదు.
ఒకసారి గాలికి దొర్లితే చప్పట్లు కొట్టారు.
ఈ ఆటలో తక్కువ స్ట్రోకులున్నవాడిదే గెలుపు,
నాకు పడింది ఒక్కటే
అని నవ్వించబోయాను,
'చెప్పులు' అని వచ్చింది.
చెప్పులు తెచ్చిచ్చారు.

నిన్న పక్క చాప దగ్గర
చక్రాల కుర్చీలో ఒకాయన.
మూతి పక్కకి జారింది గానీ
టోపీ పెట్టుకున్న తీరు ఎక్కడికి పోతుంది, కురువిళ్ళ సార్!
పదకొండేళ్ళు ఆయన సంచి మోశాను.
ఒకసారి అందరిముందూ అరిచాడు,
ఒక దీపావళికి రెండు వేలిచ్చాడు,
రెండూ గుర్తే.
ఆయనకి ఎడమ పక్క పోయింది, నాకు కుడి.
నన్ను చాలాసేపు చూశాడు.
నా పేరు ఆయనకి దొరకలేదు,
నాకూ దొరకలేదు.
వల వైపు తిరిగి, పాత అలవాటున
ఏది, అన్నట్టు చెయ్యి చాచాడు.

పదిహేనడుగులు. వల దాకా ఏ కర్రయినా ఒకటే.
నేను వలని చూడలేదు.
దాని కన్నాల్లోంచి పళ్ళికరణై చిత్తడినేల,
కొంగలు, ఎదురుగాలి, నూట నలభై గజాలు.

'ఏడు' అన్నాను.

ఎనిమిది నెలల్లో
ఉండాల్సిన అరలోంచి వచ్చిన మొదటి మాట.
ఇలక్కియాకి అర్థమైంది, సారుకీ అయింది,
నాలుక కాస్త మడిస్తే వాళ్ళ భాషల్లోనూ అదే అంకె.
తలుపు దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ మునెమ్మకి మాత్రం
మన మాటలోని ఇంకో అర్థం వినిపించింది.
చెప్పినట్టే చేసింది.
మెట్టు మీద కూలబడి,
ఎనిమిది నెలలదీ ఒకేసారి,
కొంగు అడ్డం పెట్టుకోకుండా.

అది కాదే పిచ్చిదానా, అంకె, అని చెబుదామని
కర్ర ఊతగా ఆమె దాకా వెళ్ళాను.
'ఇసుక' అన్నాను.

ముక్కు చీదుకుంటూనే మూత తిప్పి
నీళ్ళు పోసింది.
కుడిచేత్తో అందుకున్నాను.
సగం ఒలికింది.