ఒగ్గడం

నౌపడ ఉప్పుమళ్ల పక్కన
కొత్త రోడ్డు పడ్డాక ఎవరికీ అక్కర్లేని పాత రోడ్డు,
కిలోమీటరున్నర.
ఆదివారం తెల్లారగట్ల
అరిగిన లారీ టైర్లు అడ్డంగా పేర్చి
దాన్ని మేం ట్రాకు అంటాం.
నవ్వితే నవ్వండి.

సువ్వారి గవరయ్య మామ
ముప్పయ్యేళ్లు లారీ బ్రేకులకి రివెట్లు కొట్టినోడు.
కుడిచేతి బొటనవేలికి గోరు లేదు.
మలుపుకి ముందు సున్నంతో మూడు గీతలు గీస్తాడు.
వంద మీటర్లు, డెబ్బై అయిదు, యాభై.
"ఢిల్లేశ్వరీ, నువ్వు ఏ గీత కాడ తొక్కుతావో సూపించు,
నువ్వెవులివో నాను సెప్తాను."

మొదటి నెలంతా నేను వంద దగ్గరే,
అదీ మెత్తగా,
నిద్రపోతున్న పిల్లని తాకినట్టు.
"అలక్కాదే! ముందల గట్టిగా తొక్కు.
బండి ముక్కు వంగాల.
బరువంతా ముందు సెక్రాల మీదకి రావాల.
వచ్చినాక, మలుపు తిరుగుతుండగా,
కొంచిం కొంచిం ఒగ్గు.
తొక్కడం ఎవులికైనా వస్తాది,
ఒగ్గడమే రాదు."

వారమంతా టెక్కలిలో కాటా దగ్గర కూచుని
గ్రానైటు దిమ్మల బరువు రాసేదాన్ని.
బరువు కదులుతుందని
ఆ సీట్లోనే తెలిసింది నాకు.

ఒకరోజు బానెట్ ఎత్తి
ఏబీఎస్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు,
బీడీకట్ట పక్కన.
డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం.
"ఇప్పుడెల్లు."

యాభై గీత.
ఉన్న భయమంతా ఒక్క కాల్లోకి దిగింది.
చక్రాలు బిగుసుకున్నాయి.
స్టీరింగు ఎడమకి తిప్పేను,
బండి తిన్నగానే పోయింది.
తిరగని చక్రానికి మలుపంటే తెలీదు.
టైర్ల గోడ. దుమ్మూ ఉప్పూ కలిసి నోట్లో.
వెనక రోడ్డు మీద రెండు నల్లటి చారలు.
మామ చెప్పులిడిసి, పాదం వెనక పాదం వేసి కొలిచేడు.
"అరవై రెండు.
ఈ అరవై రెండడుగులూ నువ్వు డ్రైవరువి కావు,
బండిలో సరుకువి."

ఫ్యూజు మళ్లీ పెట్టేక
పెడలు నా పాదాన్ని తిరిగి తన్నింది.
టకటకటక, రేకు మీద వడగళ్లు పడ్డట్టు.
హడిలిపోయి కాలు తీసేశాను.
"తియ్యకే! అది ఒగ్గుతంది, పడతంది,
రెప్పేసినంతలో నాలుగైదు సార్లు.
నీ కాలికి ఒక్కసారే రాదు."
"మరది ఉండగా నాకెందుకు మామా ఈ బాధంతా?"
బీడీ ముట్టించుకున్నాడు.
సగం కాలేక అన్నాడు:
"అది కొట్టిన ప్రతి టక్కూ నీ తప్పే.
లెక్కెట్టుకో."

లెక్కపెట్టుకున్నాను.
చుట్టుకి ఇరవై. పధ్నాలుగు. ఒక్కోసారి మళ్లీ ఇరవై.
పెడలు నానిన అట్టలా దిగబడిపోతే
ఒక చుట్టు బ్రేకు ముట్టకుండా చల్లార్చి,
హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా చక్రం కింద రాయి పెట్టి,
దిగి, వేడి డిస్కు వాసన చూస్తూ
చద్దన్నం తినేవాళ్లం.

మొన్న కార్తీకంలో, తుపాను వాన.
మామని మందులకి తీసుకెళ్లి తిరిగొస్తున్నాను.
కోటబొమ్మాళి దాటేక
రోడ్డు మధ్యన లైటు లేని జీడిపిక్కల ట్రాక్టరు.
కాలు తొక్కేసింది.
కళ్లు ట్రాక్టరుని ఒగ్గేసి
పక్కనున్న చీకటి ఖాళీని పట్టుకున్నాయి,
చేతులు కళ్ల వెనకే పోయాయి.
ట్రాలీ మీది గోనెపట్టా
నా పక్క అద్దాన్ని రాసుకుని వెళ్లింది.

మైలు దాకా ఇద్దరం మాట్లాడలేదు.
వైపర్ల చప్పుడు.
ఒళ్లో మందుల సంచి సర్దుకుని అడిగేడు,
"ఎన్ని?"
"ఆరు."
"నాలుగు సాలు," అని
కిటికీ దించి చెయ్యి వానలో పెట్టేడు.
గోరు లేని ఆ వేలు వణుకుతోంది.
అది ఆగేదాకా
నేను రెండో గేరు మార్చలేదు.