తీగలు కనబడొద్దు

కిరాయి ఇల్లు. కొత్తవాడ, పై అంతస్తు.
తాళంచెవి చేతిల పెట్టుకుంటనే చెప్పిండు ఓనరు:
"ఈ గోడకు రెండు మేకులే. మూడోది కొడితే
అడ్వాన్సుల కోత."
ఒకటి క్యాలెండర్‌కు పోయింది.

హన్మకొండ చౌరస్తాల కిస్తీల మీద కొన్నం,
నలభై మూడించులు.
అది వచ్చిన అట్టడబ్బానే
నాలుగు దినాలు దానికి బల్ల అయింది.

మా రవళి ఫోన్ల ఇండ్లు చూపిస్తది.
ఒక ఇంట్ల టీవీ ఎనుక పాలరాయి, రాయి గాదట, షీటు.
ఒక ఇంట్ల చుట్టూ నీలం లైటు,
చేపల తొట్టిల ఉన్నట్టు.
ఇంకో ఇంట్ల కర్రపట్టీలు నిలువుగ, సందు సందుకు సమానంగ.
"అచ్చం పన్నె లెక్కుంది" అన్నడు మా ఆయన ఉప్పలయ్య.
అంతకంటె ఏమనలేదు.

వడ్ల వీరాచారి టేపు పట్టుకొని వచ్చిండు.
గోడను కొలిచిండు, నన్ను సుత కొలిచిండు చూపుతోటి,
ఎంత పెట్టగలదో అని.
"యూనిటుకు పద్దెనిమిది వేలు, లైటింగు వేరే."
చాయ్ తాగిండు. మెట్లు దిగుకుంట, పాపం, ఒక మాట ఊరికెనే ఇచ్చిండు:
"అక్కా, స్టైలంటే ఇంకేం లేదు.
తీగలు కనబడొద్దు."

మాకున్నయే తీగలు.
కరెంటుది, డిష్షుది, డబ్బాది, స్పీకరుది,
తెగిన పడుగు లెక్క
నేల దాక వేలాడుతున్నయి.

ఉప్పలయ్య ఇప్పుడు ఎనుమాముల మార్కెట్ల
కాంటా కాడ పని చేస్తడు.
ఇంటికొస్తే అంగీ నిండ మిర్చి ఘాటు,
అంగీ దులిపితే ఇంటిల్లిపాదికి తుమ్ములు.
జంపఖానా నేసి రెండేండ్లయింది.
మూడు రాత్రులు ఆ తీగలను చూసుకుంట అన్నం తిన్నడు.
నాలుగో నాడు సొసైటీ షెడ్డుల
ఎవరిదో ఖాళీ మగ్గం అడుక్కున్నడట,
నాకు చెప్పలేదు, నూలు బాకీ తెచ్చినంక తెలిసింది.

ఆరడుగుల పొడుగు, నాలుగున్నర వెడల్పు.
బూడిద రంగు మీద పండు మిరప చారలు.
చారకో తోవ ఇడిసిండు లోపలి నుంచి,
లంగాకు నాడా తోవ ఇడిసినట్టు.

రవళి తీగ కొసకు పిన్నీసు కుట్టి
నాడా ఎక్కించినట్టే ఎక్కించింది.
ఒక్కటి నడుమల ఇరుక్కుంది,
తల్లీబిడ్డలం ఇద్దరం పిసికి పిసికి
కింది నుంచి గుంజినం.
నవ్వులకు చేతులు ఆడలేదు.

మిగిలిన ఒక్క మేకుకు
వెదురు కట్టె, కట్టెకు జంపఖానా.
నా పెండ్లినాటి ఇనుప సందూగకు నల్లరంగు ఏసి
దాని మీద టీవీ.
సందూగల ఉన్న దుప్పట్లు తియ్యాలంటె
ఇప్పుడు టీవీ దించాలె. చలికాలం చూద్దాం.

ఓనరు వచ్చిండు కిరాయికి.
మేకులు లెక్కపెట్టిండు. రెండే.
జంపఖానా అంచు ఎత్తి ఎనుక చూసిండు,
ఎనుక సుత ముందటి లెక్కనే ఉంది.
"తీగలేవయ్యా?"
ఉప్పలయ్య కిరాయి పైసలు లెక్కవెడుతున్నడు,
తల ఎత్తలేదు.

మా అత్త కొమురమ్మకు చూపు ఆనదు.
సీరియలు చెవులతోటి చూస్తది
గోడ పక్కకు కూసొని.
ఇయ్యాల బొమ్మల మీద అందరి కండ్లుంటె
ఆమె అరచెయ్యి మెల్లగ
జంపఖానా మీద పాకింది పై నుంచి కిందికి.
ఇది కరెంటుది, ఇది డిష్షుది అని
తీగ తీగను గుర్తువట్టింది.
మూడో చార కాడ ఆగింది.
మళ్ల పైకి పోయింది, మళ్ల వచ్చింది.

"ఈడ పేక వదులైంది బిడ్డా" అన్నది,
"ఈడ చెయ్యి వణికింది నీకు."

ఆయన రిమోటు తీసి
సౌండు పెంచిండు.