సందర్భం ఎక్కడ?

నా జవాబు పక్కన మిసెస్ హాల్వర్సన్
ఆకుపచ్చ సిరాతో ఎప్పుడూ ఒకటే రాస్తుంది:
"సందర్భం ఎక్కడ?"

అంకె సరైనదే. సున్నా పాయింట్ సున్నా ఎనిమిది.
క్యాలిక్యులేటర్ చెప్పింది, నేను దించాను,
చుట్టూ గీత గీసి డబ్బా కూడా కట్టాను.
నాలుగుకి ఒకటి.

టిక్కు పెట్టే ప్రశ్నల్లో నలభైకి ముప్ఫై ఎనిమిది తెచ్చుకున్నదాన్ని
ఖాళీ గీతల ముందు మూగదాన్నయ్యాను.
లెక్కంటే మాటలు అక్కర్లేని చోటనుకున్నాను.
ఇంగ్లీషు తరిమినప్పుడల్లా అక్కడికే పారిపోయేదాన్ని.
ఇప్పుడు అక్కడా మాటలే కావాలట.

మే నెల వచ్చినా డలూత్‌లో
ఆఖరి మంచుపెళ్లలు సరస్సు ఒడ్డున ఒరుసుకుంటున్నాయి,
ఎవరో గాజుల పెట్టె కదిపినట్టు.
లైబ్రరీ రెండో అంతస్తులో నేనూ పా న్యా వాంగూ ఎదురెదురుగా.
తొంభై నిమిషాలు, ఆరు ప్రశ్నలు,
మధ్యలో ఒక చిప్స్ పొట్లం.

నా కాగితం తనవైపు తిప్పుకుని చదువుతుంది పా న్యా.
"రుజువైంది అని రాయకు. మనం ఏదీ రుజువు చెయ్యం."
మరేం రాయను?
"తగినంత ఆధారం లేదు, కాబట్టి తోసిపుచ్చలేకపోతున్నాం."
తోసిపుచ్చలేదంటే ఒప్పుకున్నట్టే కదా?
"కాదు," అంటుంది నములుతూ.
"ఆ తేడాకే మార్కు."

ఆ రాత్రి అమ్మ ఒక మెతుకు నొక్కి చూసి
గిన్నె దించబోయింది.
కలిపావా, అన్నాను.
"అన్నానికి ఒక్క మెతుకు చాలే."
చాలు, గిన్నెంతా కలిపి తీస్తేనే.
పై మెతుకు పైవాటి సంగతే చెబుతుంది,
అడుగున మాడేవాటిని ఎవరడిగారు?
అమ్మ గరిట నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయింది.
నిజంగానే అడుగంటింది.
ఒక్క పూట గిన్నెతో ఏదీ తేల్చకూడదని తెలిసీ
కాస్త గర్వపడ్డాను.

పడుకున్నాక తట్టింది.
ఇవి నాకు రాని మాటలు కావు.
కాబోలు. అయ్యుండొచ్చు. ఉరమరగా.
"వస్తాడేమో" అంటే
ఆ 'ఏమో'లో ఎంత నమ్మకముందో
తాతమ్మ గొంతు సాగిన పొడవును బట్టి చెప్పేసేవాళ్లం.
ఏమో గుర్రం ఎగరావచ్చు అన్నవాడు
ఎగురుతుందని మాట ఇవ్వలేదు.
ఎగరదని తేల్చడానికి చాలినంత ఆధారం దొరకలేదు, అంతే.
వాడికి నాలుగుకి నాలుగు.

మర్నాడు నా ప్రశ్న నేనే తయారుచేసుకున్నాను.
మేముండేది పార్క్ పాయింట్‌లో, వంతెనకి అవతల.
ఓడ వస్తే వంతెన లేస్తుంది, బస్సు ఆగుతుంది.
ఇరవై మూడు ఉదయాలు నోట్‌బుక్‌లో ఉన్నాయి.
ఇలా రాశాను:
వంతెన లేచిన రోజుల్లో నా క్విజ్ మార్కులు సగటున రెండు తక్కువ.
సంబంధం కనబడుతోంది. వంతెనే కారణమని అనలేను.
అమ్మకి నైట్ డ్యూటీ ఉన్నప్పుడు నన్ను లేపేవాళ్లుండరు,
మొదటి బస్సు తప్పుతుంది,
ఓడ అడ్డొచ్చేది ఎక్కువగా రెండో బస్సుకే.
నిద్ర చాలని బుర్రతో క్విజ్ రాస్తాను.
తప్పు వంతెనదో, ఓడదో, నిద్రదో
ఈ నోట్‌బుక్ విడదీసి చెప్పలేదు.

ఆకుపచ్చ సిరా తిరిగొచ్చింది.
"సందర్భం ఉంది."
కింద, "నమూనా చిన్నది."
ఇంకా కింద, చిన్న అక్షరాలతో,
"మీ అమ్మకి ఏ వారాలు నైట్?"

పరీక్ష రోజు. మొదటి బస్సే ఎక్కాను.
పెన్సిళ్లు మూడు, క్యాలిక్యులేటర్, కొత్త బ్యాటరీలు.
గంట మోగింది. గేట్లు పడ్డాయి.
డ్రైవరు ఇంజను ఆపి ఫ్లాస్కు మూత తీశాడు.
చాలా పొడుగు ఓడ, ఇనుప రాయి రంగు,
తొందరేం లేనట్టు వస్తోంది.

ఇరవై మూడింటిలో తొమ్మిదిసార్లు ఆగాం.
ఆగితే సగటున పదిహేను నిమిషాలు, అటూ ఇటూ నాలుగు.
పరీక్షకింకా నలభై.

చేరతానని రాయను.
చేరనని చెప్పడానికి
తగినంత ఆధారం లేదు.