ఓబీ గుట్ట

రాజురా దాటినంక, గని వెనుక,
బొగ్గు కాని మట్టినంతా తెచ్చి పోసిన గుట్ట.
దానికెవరూ పేరు పెట్టలేదు. ఓబీ అంటరు, అంతే.
ఆదివారం దుమ్ము ఇంకా లేవకముందే
ప్రఫుల్ గేడాం తన పాత ఇంపల్స్ బండిని
తోసుకుంట పైకెక్కిస్తడు.
లైటు లేదు, అద్దాలు లేవు, నంబరు పలక సగం విరిగింది.
టైర్లకు మాత్రం మొసలి పండ్లు.

దుంకే జాగ పెద్దదేం కాదు.
నా నడుమెత్తు దిబ్బ, అవతల ఎనిమిది అడుగుల ఖాళీ,
ఆ తర్వాత దిగుడు.
మేకపిల్ల దుంకుతది దాన్ని.
మూడు ఆదివారాల నుంచి నేను దుంకుతలేను.

అందరూ గుండె అంటరు గానీ
నా భయం కుడి మణికట్టుల ఉంటది.
దిబ్బ అంచు కనబడంగనే
నన్ను అడగకుండ ఎక్సలేటరు మూసేస్తది.
ఇంజను గొంతు పడిపోతది,
ముందు చక్రం తల వంచుకుంటది
తప్పు చేసిన పిల్ల లెక్క.
మట్టి నోట్లకొస్తది.
ఒకసారి పన్ను కదిలింది. ఒకసారి ఏం కాలేదు,
ఆ ఏం కానిదానికే ఎక్కువ ఏడ్చిన.

"ఘాబరూ నకో, సరూపా" అంటడు ప్రఫుల్.
అంటే పోయేటిదైతే ఇంకేం గావాలె.
కంపెనీ దవాఖానల సిస్టరును నేను.
సూది చూసి కండ్లు మూసుకునే మీసాలోళ్లకు
రోజుకు ఇరవైసార్లు అదే మాట చెప్త.
ఒక్కరికీ పోలేదు.

నాలుగో ఆదివారం నాయిన వచ్చిండు,
నైట్ షిఫ్టు దిగి, హెల్మెటు చంకల పెట్టుకొని.
బండిని చూడలేదు. నన్నూ చూడలేదు.
దిగుడు మీదికి నడిచి మడిమెతో తొక్కి చూసిండు.
పిడికెడు మట్టి తీసి పిసికిండు.
"ఇది నల్లరేగడి. వానకు మెత్తబడ్డది, చక్రాన్ని గుంజుతది.
మూడు గజాలు అటు జరుగున్రి. అక్కడిది రాతిమట్టి."
నీకెట్ల ఎరుకంటే నవ్విండు.
"పోసింది నేనే కదనే."

పందొమ్మిదేండ్లు డంపర్‌ను వెనక్కి తోలుకుంట వచ్చి
ఈ అంచు మీదనే తొట్టి ఎత్తినోడు.
వెనుకేమున్నదో అద్దంల సరిగ కనబడదట,
చీకట్ల అసలే కనబడదట.
"ఒకసారి వెనుక టైరు గాలిల తిరిగింది" అన్నడు
నీళ్ల సీసా మూత తిప్పుకుంట.
ఏ సంవత్సరమో చెప్పలేదు.
ఆ పొద్దున ఇంటికొచ్చి ఏం తిన్నడో, ఎవరిని కసిరిండో
గుర్తు తెచ్చుకుందామని చూసిన.
అన్ని పొద్దులూ ఒక్కలెక్కనే ఉన్నయి.
"మరి తెల్లారి?"
"తెల్లారి మళ్ల డ్యూటీ."

దిబ్బను జరిపినం. పారలు రెండు, మనుషులం ముగ్గురం.

సూది వేసేటప్పుడు నేను ఊరి పేరు అడుగుత,
ఆ ఊర్ల బస్సు యాడ ఆగుతదో అడుగుత.
చెప్తుండంగనే సూది దిగుతది.
ఇయ్యాల నన్ను నేను అడుక్కున్న:
దూరంగ వార్ధా వంతెన మీద బొగ్గు రైలు,
డబ్బాలు ఎన్ని?

లేచి నిలబడ్డ. మోకాళ్లు ట్యాంకును కరిచినయి.
ఒకటి, రెండు, ఐదు, ఆరు.
మణికట్టు వణికింది. పాత అలవాటు, మానలేదు.
మూయనైతే లేదు.
పదకొండో డబ్బా కాడ చప్పుడు మారింది.
రాళ్లు లేవు, గరగర లేదు,
నేల లేని ఇంజను ఒక్కతే మాట్లాడుతున్నది.

అర సెకండు అంటడు ప్రఫుల్.
ఆ అర సెకండుల నాయిన టైరు యాదికొచ్చింది.
ఇట్లనే తిరిగి ఉంటది, దేన్నీ పట్టుకోక.

వెనుక చక్రం ముందు దిగింది.
నడుముల ఒక దెబ్బ, నాలుక మీద రక్తం,
బండి కొంచెం అటిటు ఊగి, సరే అన్నట్టు నిలబడ్డది.
నా వేళ్లు మాత్రం హ్యాండిల్‌ను వదలలేదు,
ఒక్కొక్కటి విప్పుకోవాల్సి వచ్చింది.

రైలు వంతెన దాటిపోయింది. లెక్క అక్కడనే ఆగింది.
గుట్ట కింద నాయిన మోపెడ్ స్టార్టు చేస్తుండు.
చూసిండో లేదోనని అనుకుంటుంటే
ఇటు తిరగకుండనే అరిచిండు:

"ఎడమకు ఇంకో జానెడు!"